మువ్వల చప్పుడు

ముప్పై ఏళ్లు మరమగ్గాల మోత మధ్య పనిచేసిన పండరి, ఇంట్లోని పాత స్పీకర్లలో తనకిష్టమైన పాటలోని మువ్వల చప్పుడు రావడం లేదని, కొత్తవి కొనడానికి భార్య అనసూర్యతో హన్మకొండలోని దుకాణానికి వెళ్లాడు.

ఆ పాటనే నాలుగు జతల స్పీకర్లలో పెట్టించి విన్నాడు.

“డోలు మస్తు మోగుతాంది. మువ్వలే వస్తలేవు. ఇవి గూడ ఖరాబే,” అన్నాడు చిరాకుగా.

అనసూర్య కళ్లు తుడుచుకుంది. “నాలుగిట్ల మంచిగనే వచ్చినయి. ఇంట్ల గూడ వస్తానయి.”

“మరి నీకు గూడ ఇనవడ్తలేదంటివి గద?”

“నువ్వు బుగులు పడ్తవని అట్లన్న.”

పండరి ఆ పాటనే మళ్లీ పెట్టమన్నాడు.

“మువ్వలు రాంగనే నా చెయ్యి ఒత్తు,” అన్నాడు ఆమెతో.

డోలు ఇంకా మొదలుకాలేదు; అతనికి ఏ శబ్దమూ వినపడకముందే అనసూర్య అతని చెయ్యి ఒత్తింది.