నాయన కొరికే దారం

చెరువు ఎండి ఏళ్లయింది. అయినా మగ్గం నేసే ఓబిలేష్ ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని, చేపల గాలానికి కోడి ఈకా పట్టుదారమూ చుట్టి చేపల్ని మోసగించే దొంగ ఈగను కడుతున్నాడు.

"నీళ్లే లేవు, ఎవురి కోసరమయ్యా?" పడుకునే అడిగింది భార్య సునంద.

"నాయన ఉన్నప్పుడు కడతాంటిమి గదా."

అప్పట్లో తను చుట్టి ముడేస్తే, మిగిలిన దారాన్ని నాయన పంటితో కొరికేవాడు. కత్తెర తగిలితే చేప దగ్గరికి రాదనేవాడు. ఆయన పోయాక ఇదే మొదటి ఈగ.

ముడేసి పీట మీద పెట్టి, లాంతరు ఒత్తి పెంచడానికి పక్కకు తిరిగాడు. మళ్లీ చూసేసరికి దారం తెగి ఉంది. కొస తడిగా ఉంది. సునంద నిద్రలో ఉంది.

ఓబిలేష్ ఆ కొసను వేలితో తడిమి చూశాడు. తర్వాత ఇంకో గాలానికి ఈక చుట్టాడు, ముడేశాడు, పీట మీద పెట్టాడు. ఈసారి కావాలనే అటు తిరిగి కూర్చున్నాడు.