తలకట్టు

మంత్రించిన తలకట్టు ఉండాల్సిన పెట్టె ఖాళీగా ఉంది.

పోటీకి బయల్దేరాల్సిన వేళ. బాక్సింగు గురువు సమ్రాన్ పెట్టెను తిరగేసి దులిపాడు. ఏమీ రాలలేదు.

థాయ్‌లాండ్‌లోని ఈ సురిన్ పల్లెల్లో తలకట్టు లేకుండా ఏ బాక్సరూ రింగులో కాలు పెట్టడు. గురువే తన చేత్తో శిష్యుడి తలకు తొడగాలి. శిష్యుడు దాన్ని తాకడమే అపచారం.

అందుకే అనుమానం బయటివాడి మీదికి పోయింది. బయటివాడు ఒక్కడే. పొద్దున బాడుగకు పిలిచిన పికప్ డ్రైవరు, బక్కపలచటి ముసలాయన.

"ఎవరు పంపారు నిన్ను? అవతలి శిబిరం వాళ్ళేనా?"

డ్రైవరు బల్ల మీద ఒదిగి కూర్చున్న శిష్యుడు కోంగ్ వైపు చూశాడు.

కోంగ్‌కు పదిహేడేళ్ళు. ఇదే తొలి పెద్ద పోటీ. మొన్ననే బడిలో కరోనా టీకా రెండో డోసు వేశారు. తెల్లారినప్పటి నుంచి ఛాతీ మీద చెయ్యి తియ్యడం లేదు.

"ఛాతీలో నొప్పిగా ఉంది గురువుగారూ" అన్నాడు పొద్దున.

"తొలి పోటీకి నాకూ అంతే. భయానికి నొప్పని పేరు పెట్టకు" అన్నాడు సమ్రాన్.

ఇప్పుడు ఆయన డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. "నిన్నే అడుగుతున్నది, ముసలోడా."

"నేనే తీశాను. కాలవలో పారేశాను."

"మా తాత కట్టుకున్నదిరా అది."

కోంగ్ లేవబోయాడు. డ్రైవరు చేత్తోనే కూర్చోమన్నాడు.

చెంప ఛెళ్ళుమంది. డ్రైవరు పెదవి చిట్లింది.

"కొట్టావుగా నాయనా. ఇక ఆ కుర్రాణ్ణి బండెక్కించు. ఆస్పత్రికి నేను తీసుకెళ్తా."

"దొంగ బండిలో నా శిష్యుడా? ఫో అవతలికి."

బండి దుమ్ము సర్దుకోకముందే కోంగ్ బల్ల మీంచి ముందుకు ఒరిగిపోయాడు.

పక్కింటి మోటారు సైకిలు దొరికేసరికి సమ్రాన్‌కు ప్రాణాలు తోడేసినట్టయింది. ఆస్పత్రి దారంతా కుర్రాడి చల్లటి చెమట ఆయన వీపుకు అంటుతూనే ఉంది.

"గుండె కండరానికి వాపు" అంది డాక్టరు. "టీకా తర్వాత ఈ వయసు మగపిల్లల్లో ఎక్కడో ఒకరికి వస్తుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది. వారం పాటు కసరత్తు వద్దని బడిలో చెప్పలేదూ?"

చెప్పారు. అది పుస్తకాలు మోసే పిల్లలకు చెప్పిన మాట అనుకున్నాడు సమ్రాన్.

"ఈ గుండెతో రింగులో దిగి ఉంటే?" అన్నాడు మెల్లగా.

డాక్టరు తల అడ్డంగా ఊపి పక్క మంచం వైపు వెళ్ళింది.

సమ్రాన్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ దొంగ ముందే అన్నాడు ఆస్పత్రికని. వాడికెలా తెలుసురా?"

కోంగ్ గోడ వైపు తిరిగాడు.

"తలకట్టు తీసింది నేను గురువుగారూ. పోటీ వద్దంటే పిరికివాణ్ణంటారు. అది లేకపోతే పోటీయే ఉండదు కదా. బుద్ధుడి బొమ్మ వెనక, ఎత్తులోనే పెట్టాను. నేలకు తగలనివ్వలేదు. ఆ తాత చూశాడు. వాళ్ళ మనవడికీ టీకా తర్వాత ఇదే నొప్పి వచ్చిందట, తొందరగా చూపిస్తే నయమైందట. 'దొంగను నేనవుతాను, నువ్వు మాత్రం ఆస్పత్రికి వెళ్తానని మాటివ్వు' అన్నాడు."