హస్తవాసి

"ఇది ఖాళీ సీసా కదా నోలీన్" అన్నాడు సియోనే, పార్సిల్ విప్పి, వేలెడంత సీసాను వెలుతురుకెత్తి చూస్తూ. బ్రిస్బేన్‌లోని ఆ పరిశోధనశాలకి వచ్చే సరుకంతా దించుకునేది అతనే.

నోలీన్ నవ్వింది. ఇరవై రెండేళ్లుగా అక్కడ టెక్నీషియన్. "ఇది ఇంటర్‌ల్యూకిన్. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఒకదానికొకటి కబురంపుకునే ప్రొటీన్. బ్యాక్టీరియా చేత తయారు చేయించి, ఎండబెట్టి పంపుతారు. గ్రాములో లక్షో వంతు. కంటికి ఆనదు."

"మా పాస్టరూ ఇదే అంటాడు. కంటికి ఆనదు, నమ్మమని."

"నమ్మి మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచమంటాడా?"

ముసలివాళ్ల రక్తకణాల మీద ఆ ప్రొటీన్ వేస్తే అవి కుర్రకణాల్లా లేస్తాయని ప్రొఫెసర్ గ్రాంట్ కనిపెట్టేశాడు. పేపర్లకీ చెప్పేశాడు. ఇక రుజువొక్కటే తక్కువ. అది నోలీన్ చూపించాలి. చూపిస్తేనే ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తారు.

ఆమె సీసాలో నీళ్లు పోసి, కుదపకుండా కరిగించి, ఎనిమిది గొట్టాల్లోకి పంచి ఫ్రీజర్‌లో పెట్టింది. నాలుగు గొట్టాలతో నాలుగుసార్లు చేసింది. కణాలు కదల్లేదు, మెదల్లేదు.

"ప్రొటీన్‌లోనే ఏదో తేడా ఉంది గ్రాంట్. ఇంకో సీసా తెప్పిద్దాం."

"సీసా మీద తోసెయ్యకు. నీకు హస్తవాసి లేదు. మిగిలిన నాలుగూ లాక్లన్‌కివ్వు. అదే ప్రొటీన్, అదే ఫ్రీజర్, అవే కణాలు. మారేది చెయ్యొక్కటే. తప్పెవరిదో తేలిపోతుంది."

లాక్లన్ డాక్టరేట్ పుచ్చుకుని కొత్తగా చేరినవాడు. మూడు వారాలు తిరక్కుండా అతని చేతిలో కణాలు లేచి కూర్చున్నాయి. గ్రాఫ్ చూస్తే ముచ్చటేసింది. స్కేలు పెట్టి గీసినట్టు పైకి ఎగబాకింది. పెద్ద సైన్సు పత్రిక వేసుకుంది. మంత్రిగారొచ్చి ఫోటో దిగారు. ల్యామింగ్టన్ కేకులు పంచారు. ఓపికగా పనిచేయడం గురించి లాక్లన్ పది నిమిషాలు మాట్లాడాడు. గ్రాంట్ కళ్లు తుడుచుకున్నాడు.

ఇక్కడ ప్రొఫెసర్నైనా పేరు పెట్టే పిలుస్తారు. అంత చనువుగానే ఉద్యోగమూ పీకుతారు. "ఏమీ అనుకోకు నోలీన్. అందరి చేతులూ ఒకలా ఉండవు" అన్నాడు గ్రాంట్. వీడ్కోలు కార్డు మీద అందరూ సంతకాలు చేశారు. లాక్లన్ పువ్వు బొమ్మ కూడా వేశాడు.

ఆ నెలంతా నోలీన్ తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంది. టీ కప్పు పట్టుకున్నా వణుకుతున్నాయేమోనని చూసుకుంది.

ఆఖరి రోజు అట్టపెట్టె మోసుకుంటూ సరుకు దించే గుమ్మం దాకా వచ్చింది. సియోనే చేతిలో ఏదో ఉత్తరం ఉంది.

"ఆ ప్రొటీన్ కంపెనీవాళ్లది. సరుకు అందినట్టు సంతకం పెట్టింది నేనేగా, నా పేరునే రాశారు" అన్నాడు.

"ఏమంటారు?"

అతను గొంతు సవరించుకుని చదివాడు.

"మా యంత్రం ఆగిపోయిన కారణంగా, మీకు పంపిన సీసాకి లోపల ప్రొటీన్ వేయకుండానే మూత బిగించడం జరిగింది, క్షమించగలరు."