ఒకటో లెవెల్ పిల్ల

పులికాట్ సరస్సు ఒడ్డున వల బాగుచేస్తూ పెంచల్, పక్కనే కూర్చున్న భార్య వనజాక్షి ఫోన్‌లోకి తొంగిచూశాడు. ఆటలో నలుగురు సైనికులు. ముగ్గురిది తొమ్మిదో లెవెల్. బాణాల పిల్లది మాత్రం ఒకటో లెవెల్.

“ఈ పిల్లొకతే ఇట్టనే ఉండాదేందే?”

“యుద్ధం చేసినోళ్లకే పనితనం పెరుగుతాది మామా. దీనికేడ దెబ్బ తగులుతాదోనని వెనకనే నిలబెడతా ఉండా.”

పెంచల్‌కు ఒళ్లు మండింది. “గట్టున నిలబెడితే ఈత వస్తాదా? పక్కన గట్టోణ్ణి పెట్టి ముందుకు తోలు!”

వనజాక్షి తోలింది. మూడో బాణానికి శత్రువు కూలాడు. పిల్లకు లెవెల్ పెరిగింది. పెంచల్ వల వదిలేసి ఈల వేశాడు.

“మామా, రేపు సరస్సులో వల వేసే వంతు మనదే గదా? నేనూ పడవెక్కుతా. పెళ్లయినకాణ్ణించి నన్ను గట్టునే నిలబెట్టుండావు. పక్కన గట్టోడివి నువ్వుండావులే.”

పెంచల్ తను అన్న మాట వెనక్కి తీసుకునే దారి దొరక్క నవ్వేశాడు. “ఎక్కుదువుగానీ, ముందా ఆట గెలువు.”

“పోయిన నెలే గెలిచేసినా మామా. నీ నోట ‘ముందుకు తోలు’ అనే మాట రావాలనే మళ్లీ మొదట్నించి ఆడతా, ఈ పిల్లని వెనకనే నిలబెట్టినా.”