పాపది ఎవరి పోలిక

ఉయ్యాల వెనక నిలబడి అతను మళ్ళీ చప్పట్లు కొట్టాడు. వంగి పాపను చూశాడు. మొహం మాడిపోయింది.

"మళ్ళీ అదే!"

భార్య చేతుల నిండా తడి బట్టలున్నాయి. జవాబు చెప్పలేదు.

అతను మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. పక్కన పిడుగు పడినా తెలియనంత రొద అక్కడ. అంత రొదలోనూ తోటివాళ్ళతో మాటకి మాట అప్పజెప్పే కబుర్ల పుట్ట. పాప పుట్టినప్పటి నుంచీ మాత్రం ఇంటికొస్తే చిర్రుబుర్రులే.

అతని తప్పేం లేదు. పాప కడుపులో ఉండగానే డాక్టరమ్మ సూత్రం చెప్పింది. తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒకటి. రెండూ ఒకే రకమైతే బిడ్డకి ఇంకోటి వచ్చే దారే లేదు. మీ ఇద్దరి చెవులూ ఎలాంటివో పాపవీ అలాంటివే, తిరుగులేదంది. నిశ్చింతగా ఉన్నాడు.

నిన్న వెళ్తే ఆవిడే మాట మార్చింది. అక్కడ మాటలన్నీ మరదలే చూసుకుంది. లేకపోతే ఒక్క ముక్కా తేలేది కాదు.

"చెవికి ఒక్క జన్యువే ఉండదండీ, చాలా ఉంటాయి. మీదొకటి, ఆవిడది వేరొకటి. అలాంటప్పుడు సూత్రం పనిచెయ్యదు. మినహాయింపు అన్నమాట."

మినహాయింపట! ఈ ముక్క ముందే ఏడవచ్చుగా అని అతని ఉక్రోషం.

భార్య బట్టలు పక్కన పడేసి అతనికి ఎదురుగా వచ్చింది.

"ఎలా ఉన్నా మన పిల్లే కదా."

"కాదన్నానా? రేపు దాని మాట నాకు అందకపోతే? ఒకే ఇంట్లో పరాయివాళ్ళలా బతకాలా?"

"మన భాష నేర్పుదాం. పిల్లలు ఇట్టే పట్టేస్తారు."

"నేర్చుకున్నదీ పుట్టుకతో వచ్చిందీ ఒకటేనా?"

ఆమెకి విసుగొచ్చింది. అటు తిరిగి బట్టలు ఆరేయసాగింది. ఆమె అటు తిరిగిందంటే ఇక మాటలు ముగిసినట్టే. అతనికి ఒళ్ళు మండిపోయింది. చేతికందిన స్టీలు బిందెను నేలకేసి కొట్టాడు.

ఆమె ఇటు తిరగలేదు. పాప ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. అతను ఉయ్యాల పక్కనే కూలబడి మొహం కప్పుకున్నాడు.

ఆ ఇంట్లో ఆ మోత విన్నది పాప ఒక్కతే.