ఏడో మంచం చార్టు

ఏడింటి నుంచి ఎనిమిదిలోపు పన్నెండు మంచాలు. ఒక్కో మంచం దగ్గర జ్వరం చూడాలి, బీపీ చూడాలి, నాడి లెక్కపెట్టాలి, ఊపిరి లెక్కపెట్టాలి, దుప్పటి సర్దాలి, చార్టులో రాసి సంతకం పెట్టాలి. నర్సింగులో చేరి మూడు నెలలైన ఆ అమ్మాయి ఏడో మంచం దగ్గర ఉండగానే ఎనిమిదైపోయింది.

ట్యూటర్ మేడమ్ ఆమె రికార్డులో రెండో ఎర్రగీత గీసింది. మూడోది పడితే సెమిస్టరు మళ్ళీ మొదటి నుంచి చదవాలంది. "వార్డులో నీ పేరేంటో తెలుసా? నత్త."

సెమిస్టరు పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో అమ్మాయికి తెలియలేదు.

ఆలస్యమంతా ఊపిరి దగ్గరే. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయ్యాక కూడా మణికట్టు వదలకుండా, ఇంకో నిమిషం గుండె మీద దుప్పటి కదలిక లెక్కపెట్టాలని పుస్తకంలో ఉంది. ఆమె అచ్చం అలాగే చేసేది.

ఏడో మంచం అమ్మమ్మకు ఈ సంగతి తెలియదు. చూడటానికి ఎవరూ రాని మనిషి, ఆ రెండు నిమిషాలూ ప్రేమే అనుకుంది. పిల్ల వచ్చే వేళకు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి ఉంచేది. "మిగతావాళ్ళు నా చెయ్యి ముట్టుకుని తుడుచుకుంటారే. నువ్వొక్కదానివే పట్టుకుంటావు," అంది ఒకరోజు. అమ్మాయి నిజం చెప్పలేదు. చెబితే లెక్క చెడుతుంది.

ఎర్రగీత సంగతి విని హాస్టల్లో సీనియర్ అక్క నవ్వింది. "పిచ్చిమొహమా, ఊపిరి ఎవరైనా లెక్కపెడతారా? వార్డులో నర్సుల బల్ల దగ్గర కూర్చో. నిన్నటివి చూసి ఒకటి అటూ ఇటూ మార్చు. ఊపిరి అందరికీ ఇరవై. మంచంలో పడుకున్నవాళ్ళు పరుగెత్తి వస్తారా ఏంటి?"

మర్నాడు అమ్మాయి బల్ల దగ్గరే పన్నెండు చార్టులూ రాసేసింది. ఏడో మంచానికి నాడి డెబ్బై ఎనిమిది, ఊపిరి ఇరవై. తగిలించడానికి వెళ్ళేసరికి అమ్మమ్మ గోడవైపు మొహం తిప్పి పడుకుని ఉంది. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే బయట ఉంది.

"ఇవాళ్టికి అయిపోయింది అమ్మమ్మా, రేపు," అని చార్టు తగిలించి ముందుకు నడిచింది.

ఎనిమిదికి ఇంకా పావుగంట ఉంది. మేడమ్ చార్టులన్నీ తిరగేసి సంతకం పెట్టింది. ఇప్పుడు నర్సువయ్యావు అంది. అమ్మాయికి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎనిమిదిన్నరకు డాక్టరు వచ్చి, బయట ఉన్న ఆ చేతిని పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి చార్టు అడిగాడు.

ఎప్పుడైనా ఎవరైనా మీ మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నిలబడితే, తెల్లవారకముందే ప్రాణం వదిలి, ఏడు గంటలకు నిమిషానికి ఇరవైసార్లు ఊపిరి పీల్చిన ఆ అమ్మమ్మను ఒక్కసారి తలుచుకోండి.