చేపల డాక్టరు

"ఇంకోటి పోయిందండీ!" అన్నాడు కాంపౌండరు తోమాసు, గాజుతొట్టిలో వెల్లకిలా తేలిన ఎర్రచేపను టీ వడగట్టే జల్లెడతో తీస్తూ.

"కాస్త మెల్లిగా ఏడవవయ్యా!" అని పళ్ళు నూరాడు డాక్టరు భీమేశ్వరరావు.

అప్పటికే బెంచీల మీది రోగులందరి మెడలూ ఇటు తిరిగాయి. ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. దగ్గుతో పెడన నుంచి వచ్చిన కోటయ్య అయితే చచ్చిన చేపకు దండం కూడా పెట్టాడు. వెటకారం కాకపోతే ఏమిటి?

భీమేశ్వరరావుకు తల కొట్టేసినట్టయింది. బందరులో డాక్టరుకు చదువొక్కటే చాలదు, హస్తవాసి ఉండాలి. తను బోర్డు కట్టి ఏడాది కూడా కాలేదు. గదికి అందమని మద్రాసు నుంచి రైల్లో రంగు చేపలు తెప్పించి, కొరివితో తల గోక్కున్నాడు. చచ్చినదాని చోట కొత్తది వేస్తున్నాడు, అదీ చస్తోంది. ఇవాళంటే బెంచీలు నిండుగా ఉన్నాయి. చేపనే బతికించలేనివాడు మనిషినేం బతికిస్తాడని ఊరు అనుకోవడానికి ఎంతసేపు? "చేపల డాక్టరు" అని పేరు పడితే దివిసీమకు పారిపోయినా వదలదు.

ఆ సాయంత్రమే, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే స్నేహితుడు శివరామయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఇసక దేంతో కడిగావురా?" అన్నాడు శివరామయ్య, నీళ్ళు వాసన చూసి.

"లోషనుతో. మొక్కల్ని పర్మాంగనేటులో ముంచాను. రోజూ నీళ్ళు కాచి చల్లార్చి మారుస్తున్నాను. ఒక్క క్రిమి ఉంటే ఒట్టు!"

"అదే కొంప ముంచింది. చేపలు విసర్జించేదే వాటికి విషం. ఆ విషాన్ని విరిచే క్రిములు ఇసకలో పెరగాలి. నువ్వేమో పుట్టినవాటిని పుట్టినట్టే పీక నులిమేస్తున్నావు."

"క్రిముల్ని పెంచమంటావా? నేనా?"

"పెంచు. కాలవ ఇసకా, కాలవ నాచూ వెయ్యి. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తుండు. అది కుళ్ళితే వాటికి తిండి. నేను చెప్పేదాకా నీళ్ళ జోలికి పోకుండా ఊరుకో."

ఊరుకోవడమే భీమేశ్వరరావుకు రాని విద్య. నీళ్ళు కుడితిలా తెల్లబడితే అన్నం సయించలేదు. నాచు పండబారితే నిద్ర పట్టలేదు. ఓ పొద్దున బిందె పుచ్చుకుని నీళ్ళు మార్చబోతే తోమాసు తొట్టికి అడ్డం నిలబడ్డాడు. పైగా బెంచీలు పలచబడసాగాయి.

"ఖాళీ తొట్టి చూసి చేపలన్నీ చచ్చాయనుకుంటున్నారయ్యా!" అంటూ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

"చేపలొస్తే వాళ్ళూ వస్తార్లెండి," అన్నాడు తోమాసు.

ఎట్టకేలకు నీళ్ళు తేటపడ్డాయి. నాచు చిగుళ్ళు వేసింది. శివరామయ్య సరేనన్నాక చేపల్ని ఒకటొకటిగా వదిలారు. వారం గడిచింది, పక్షం గడిచింది. ఒక్కటి చావలేదు సరికదా, బలిసి నాచు మధ్య పరుగులు తీస్తున్నాయి. భీమేశ్వరరావు సంబరానికి అంతు లేదు. వీధిన పోయేవాళ్ళకు కనపడాలని కిటికీ తలుపులు బార్లా తెరిపించాడు.

అయినా ఒక్క రోగీ గుమ్మం తొక్కలేదు. బెంచీ మీద ఈగలు తోలుకుంటూ తోమాసు ఒక్కడే కూర్చున్నాడు.

ఇక ఉండబట్టలేక, ఎదురింటి ముసలి డాక్టరు గుమ్మం ఎక్కబోతున్న సీతారావమ్మను భీమేశ్వరరావు వీధిలోనే ఆపాడు. మొన్నమొన్నటిదాకా ఆవిడ కీళ్ళనొప్పులకు మందు తనే ఇచ్చాడు.

"ఏమ్మా, నా మందు గుణమివ్వలేదా?"

"అంత మాటా, డాక్టరు బాబూ! మా మనవడి టైఫాయిడు కూడా మీ దగ్గరేగా తగ్గింది!"

"మరింకేం? చేపలు చస్తున్నాయని భయపడ్డారేమో. ఒక్కసారి వచ్చి చూడండి, ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి చావడం లేదు!"

"చూశాను నాయనా, అందుకేగా రావడం మానేసింది," అంది సీతారావమ్మ జాలిగా. "ఇన్నాళ్ళూ అవి పోతూ పోతూ మా గండాలు పట్టుకుపోయేవి. ఇప్పుడవి పోవడం మానేస్తే, ఇక పోయేది మేమేగా?"